గోడ బట్టతో డిప్లొమా

ఆనీ ఆల్బర్స్ గురించి ఎవరు రాసినా ఒకే కథతో మొదలుపెడతారు. 1922లో జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ అనే కళాశాలలో చేరింది. గాజు పని నేర్చుకుందామనుకుంది. అక్కడ చోటు లేదన్నారు. ఆడపిల్లలు నేత విభాగానికి వెళ్లండన్నారు. ఇష్టం లేకుండానే మగ్గం ముందు కూర్చుంది, చివరికి ఇరవయ్యో శతాబ్దపు నేత కళాకారుల్లో మొదట చెప్పుకోవలసిన పేరు అయింది. ఈ కథలో అబద్ధమేమీ లేదు. 1919లో బౌహౌస్ తెరిచినప్పుడు దాని స్థాపకుడు వాల్టర్ గ్రోపియస్ ఆడా మగా తేడా లేదని ప్రకటించాడు. తీరా అమ్మాయిలు పెద్ద సంఖ్యలో వచ్చేసరికి కంగారుపడి, వాళ్లలో చాలామందిని నేత వైపు మళ్లించడం మొదలుపెట్టారు. నేత అంటే మరీ సుకుమారపు పని అని మొదట్లో తనకే చిన్నచూపు ఉండేదని ఆనీ కూడా తర్వాత చెప్పుకుంది.

అయినా ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. గాజు దొరికితే అదృష్టం, మగ్గం దొరికితే శిక్ష అన్నట్టుంటుంది చెప్పే తీరు. మాది మంగళగిరి. నాన్న గుంట మగ్గం మీద నేసేవారు, అమ్మ కండెలు చుట్టేది. మగ్గంలో కూర్చోవడం శిక్షా వరమా అని మా ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు, ఆలోచించే తీరికా లేదు. నేను టెక్స్‌టైల్ డిజైన్ చదివాను, కొన్నాళ్లు కంపెనీలకు డిజైన్లు చేశాను, ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను, వీలైనప్పుడు చిన్న చిన్న ప్రదర్శనలు పెడుతుంటాను. అందుకని ఆనీ కథలో నాకు కావలసిన భాగం వేరే ఉంది. అది ఎవరూ సరిగ్గా చెప్పడం లేదనే నా ఫిర్యాదు.

ఆ ఫిర్యాదుకు కారణం నన్ను తరచూ అడిగే ఒక ప్రశ్న. "మీరు మీ సొంత పని ఎప్పుడు చేస్తారండీ?" అంటారు. డిజైన్ అంటే కంపెనీ పని, పాఠం అంటే జీతం పని, ప్రదర్శన అంటే పదిమంది కోసం చేసే చాకిరీ, ఇవన్నీ పోగా మిగిలిన టైంలో చేసేదే కళ అని వాళ్ల ఉద్దేశం. ఆనీ జీవిత చరిత్రలు కూడా ఇదే లెక్కలో రాస్తారు. మొదట పరదాలూ దుప్పట్లూ, తర్వాత పాఠాలు, చివరికి "అసలైన" కళ. ఈ లెక్క తప్పు. ఆవిడ చేసిన మంచి పనంతా ఆ "మిగతా" పనుల్లోంచే పుట్టింది.

1930లో ఆనీకి డిప్లొమా ఇచ్చింది గోడకు కప్పే ఒక బట్ట చూసి. బొమ్మ లేదు, కథ లేదు, పువ్వు లేదు. బెర్లిన్ దగ్గర బెర్నౌలో కార్మిక సంఘాల సమాఖ్య ఒక శిక్షణ పాఠశాల కట్టిస్తోంది. గ్రోపియస్ తర్వాత బౌహౌస్ డైరెక్టరైన హన్నెస్ మేయర్ ఆ భవనానికి ఆర్కిటెక్టు. అందులోని సభా మందిరంలో మాట ప్రతిధ్వనిస్తోంది. అప్పట్లో దీనికి అందరూ చేసే వైద్యం ఒకటే, గోడలకు వెల్వెట్ కట్టడం. వెల్వెట్ శబ్దాన్ని పీల్చుకుంటుంది, నిజమే. కానీ జనం చేతులు తగిలి మాసిపోతుంది కాబట్టి ముదురు రంగుదే కట్టాలి. ముదురు రంగు కడితే హాలు చీకటి గుయ్యారం అవుతుంది. అంటే శబ్దం సమస్య తీర్చబోయి వెలుతురు సమస్య తెచ్చిపెట్టుకున్నట్టు.

ఆనీ ఏం చేసిందంటే, ఒకే బట్టకు రెండు ముఖాలు ఇచ్చింది. వెనక వైపు నూగు నూగుగా ఉండే షెనీల్ నూలు పడేలా నేసింది. అది శబ్దాన్ని పీల్చుకుంటుంది. ముందు వైపు గాజు కాగితంలా మెరిసే సెలోఫేన్ పోగు తేలేలా నేసింది. అది వెలుతురును తిరిగి హాల్లోకి విసురుతుంది, మాసినా తుడిస్తే పోతుంది. సెలోఫేన్ ఆలోచన ఇటలీలోని ఫ్లారెన్స్‌లో కొన్న ఒక అల్లిక టోపీ నుంచి వచ్చిందట. టోపీ విప్పి పోగు చూసిన మనిషి! బట్ట వెలుతురును ఎంత తిప్పికొడుతోందో జైస్ ఐకాన్ కంపెనీ వాళ్లు పరీక్ష చేసి నివేదిక ఇచ్చారు. ఒక నేత పనికి కెమెరాల కంపెనీ సర్టిఫికెట్!

ఈ బట్ట గురించి క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు మొదట నిరాశపడతారు. ఫోటో చూస్తే వెండి రంగు గోనెపట్టాలా ఉంటుంది. మన దగ్గర డిజైన్ చెయ్యమంటే ఎవరైనా మొదట నెమలిని గీస్తారు, లేకపోతే మామిడి పిందె, లేకపోతే గుడి గోపురం. గ్రాఫు కాగితం మీద అది ఎక్కితే డిజైన్ అయిపోయినట్టే. పోగు ఏంటి, పురి ఎంత, పడుగు ఎంత బిగువు, పేక ఎక్కడ దాక్కోవాలి, ఎక్కడ బయటపడాలి అన్నవన్నీ "నేసేవాళ్లు చూసుకుంటారు". మంగళగిరి చీర చూడండి. సంప్రదాయ చీరలో ఒళ్లంతా సాదా, ఉన్నదంతా అంచులోనే. బుటా ఒక్కటీ లేకుండా బట్టకు ఆ ఒడుపు, ఆ గట్టిదనం ఎలా వస్తున్నాయో చెప్పమంటే డిజైన్ చదివిన నేను కూడా మా నాన్న దగ్గరికే వెళ్లాలి. ఆయన మాత్రం ఎప్పుడూ తనను డిజైనర్ అనుకోలేదు. బెర్నౌ హాల్లోని బట్ట డిజైన్ అయినప్పుడు, మా నాన్న పన్నె బిగించే లెక్క ఎందుకు కాదు?

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఆనీ పేదింటి మనిషి కాదు. 1899లో బెర్లిన్‌లో డబ్బున్న కుటుంబంలో పుట్టింది. తండ్రిది ఫర్నిచర్ వ్యాపారం, తల్లి ఉల్‌స్టైన్ అనే పెద్ద ప్రచురణ సంస్థ నడిపే కుటుంబానికి చెందినది. టోపీ విప్పి పోగులు చూసుకునే తీరిక అందరికీ ఉండదు. అయితే కాళ్లను, చేతులను బలహీనపరిచే వంశపారంపర్య జబ్బు కూడా ఆవిడకు ఉండేది. యూదు మూలాలూ ఉన్నాయి. 1933లో నాజీల ఒత్తిడితో బౌహౌస్ మూతపడ్డాక ఆ డబ్బు, ఆ పేరు ఏవీ జర్మనీలో అక్కరకు రాలేదు. అమెరికాలో ఉత్తర కరోలినా కొండల్లో అప్పుడే పుట్టిన బ్లాక్ మౌంటెన్ కాలేజీ నుంచి భర్త జోసెఫ్‌కి, తనకి పిలుపు వచ్చింది. ఆ పిలుపు వెనక ఉన్నది ఫిలిప్ జాన్సన్, అప్పట్లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆర్కిటెక్చర్ విభాగం చూసేవాడు. నవంబరు 1933లో దంపతులిద్దరూ అమెరికాలో దిగారు. జాన్సన్ మెచ్చిన పనుల్లో ఆ గోడ బట్ట కూడా ఉంది.

బ్లాక్ మౌంటెన్ కాలేజీకి డబ్బుల్లేవు. విద్యార్థులూ టీచర్లూ కలిసి పొలం పని చేసేవారు, వంట గిన్నెలు కడిగేవారు. ఆనీ అక్కడ 1949 వరకు నేత నేర్పింది. ఆవిడ బోధన గురించి నాకు దొరికినంతా చదివాను, కొంత నా క్లాసులో దొంగిలించాను కూడా.

ఆవిడ మొదటి పాఠంలో మగ్గమే ఉండేది కాదు. పెరూ సముద్రపు ఒడ్డున, వేల ఏళ్ల కిందట ఉన్నామనుకోండి అనేది. మన దగ్గర ఏమీ లేదు. చలి ఉంది, గాలి ఉంది, చేతికి అందే గడ్డి ఉంది, చేపల వల ఉంది. ఇప్పుడు బట్ట ఎలా కనిపెడతారు? అక్కణ్నుంచి మొదలుపెట్టి, ముడి వేయడం, జడ అల్లడం, పోగులను ఒక కర్రకు కట్టి లాగిపట్టడం, నడుముకు కట్టుకునే మగ్గం, ఇలా మెట్టు మెట్టుగా పిల్లలు తామే కనిపెడుతున్నట్టు నడిపించేది. కాళ్లతో తొక్కే మగ్గం దగ్గరికి చివర్లో వచ్చేవారు.

ఇంకో రకం అభ్యాసాలు ఉండేవి. మొక్కజొన్న గింజలు, గడ్డి పోచలు, మెలిపెట్టిన కాగితం, చిల్లులు పొడిచిన అట్ట ఇచ్చి, బట్టలా కనిపించేది ఏదైనా చెయ్యమనేది. నేతలా కనపడాలి, కానీ నేత కాకూడదు. టైపురైటర్ మీద ఒకే అక్షరం, ఒకే గుర్తు వరసగా కొట్టి కాగితం మీద నేతలాంటి ఉపరితలం తెప్పించేవారు. ఇదంతా ఆట కాదు. కంటితో చూసి ఇది గరుకు, ఇది నునుపు, ఇది బరువు అని చెప్పగలగడం వేరు, వేలితో తెలుసుకోవడం వేరు అని ఆవిడ గట్టిగా నమ్మింది. వస్తువులన్నీ రెడీమేడ్‌గా ఇంటికొచ్చేసరికి మన వేళ్లు మొద్దుబారాయని ఆవిడ బాధ. 1965లో వచ్చిన ఆవిడ పుస్తకం "ఆన్ వీవింగ్"లో ఈ విషయానికే ఒక అధ్యాయం ఉంది.

నా విద్యార్థుల్లో చాలామంది ఊళ్ల నుంచి వస్తారు, కొందరు నేత ఇళ్ల నుంచే. వాళ్లకు చిన్నప్పుడే వేళ్లకు తెలిసింది కాలేజీకి వచ్చాక మాటల్లో పెట్టడం రాదు, కాబట్టి అది జ్ఞానం కాదనుకుంటారు. గంజి సరిపోయిందా లేదా అని పడుగును రెండు వేళ్లతో రాసి చెప్పేసే అమ్మాయి, కంప్యూటర్ రాదని క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటుంది. ఆ అమ్మాయికి టైపురైటర్ అభ్యాసం ఇస్తే చాలా ముందుకు పోతుంది. ఇది నేను చూశాను. సిలబస్‌లో మాత్రం దీనికి మార్కులు లేవు.

ఆనీ పాఠం చెప్పడం వల్ల ఆవిడ సొంత పని తగ్గిందా? తిరగేసి చూడండి. పెరూ నేతల గురించి పాఠం చెబుతూనే ఆవిడ వాటిని దగ్గరగా చూసి, ఒక్కో పోగూ ఎలా వెళ్లిందో తేల్చుకుంది. 1935 నుంచి భర్తతో కలిసి మెక్సికోకు మళ్లీ మళ్లీ వెళ్లింది. కాలేజీ కోసం పాత, కొత్త నేత ముక్కలు పోగు చేసింది. ఆ తర్వాత ఆవిడ నేసిన గోడ బట్టల్లో ఒక పేక పోగు గుంపు దారి తప్పి పక్కకు పాకుతున్నట్టు కనిపించే వాటన్నిటికీ మూలం అక్కడే ఉంది. "ఆన్ వీవింగ్" పుస్తకాన్ని ప్రాచీన పెరూ నేతగాళ్లకు, వాళ్లు తన గొప్ప గురువులని చెబుతూ అంకితమిచ్చింది. బౌహౌస్‌లో చిత్రకారుడు పాల్ క్లే దగ్గర చదువుకున్న మనిషి, ఆయన్ని ఆరాధించిన మనిషి, అంకితం మాత్రం పేరు తెలియని వాళ్లకు ఇచ్చింది.

పేరు తెలియకపోవడం గురించి మళ్లీ వస్తాను.

మెక్సికోలో మోంటె ఆల్బాన్ సమాధుల్లో దొరికిన బంగారు నగలు చూసొచ్చాక ఆనీ, విద్యార్థి అలెక్స్ రీడ్ కలిసి ఒక చిలిపి పని చేశారు. సింకు జాలీ, పేపర్ క్లిప్పులు, నట్లకు వేసే వాషర్లు, కార్కులు, కిరాణా కొట్లో దొరికే సామాను తెచ్చి గొలుసులు చేశారు. విలువ బంగారంలో లేదు, కూర్పులో ఉందని చూపించడమే వాళ్ల పట్టు. వాటిని ప్రదర్శనకూ పెట్టారు. మా ఊళ్లో ఎవరికైనా చూపిస్తే "ఏంటమ్మా ఈ పిచ్చి" అంటారు. అన్నా నాకు బాధ లేదు, కాస్త పిచ్చే.

1949లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆనీ బట్టలతో ప్రదర్శన పెట్టింది. నేత పని చేసే కళాకారులెవరికైనా ఆ మ్యూజియం సొంతంగా ప్రదర్శన ఇవ్వడం అదే మొదటిసారి. అందులో గోడకు వేలాడదీసే నేత పనులూ ఉన్నాయి, మీటర్ల లెక్కన అమ్మడానికి నేసిన బట్టల నమూనాలూ ఉన్నాయి, గదిని రెండుగా చీల్చే తెరలూ ఉన్నాయి. ఆ తెరలు గోడకు ఆనకుండా గాల్లో వేలాడాయి. అటు నుంచీ చూడొచ్చు, ఇటు నుంచీ చూడొచ్చు, మధ్యలోంచి అవతలి మనిషీ కనిపిస్తాడు. ఇది కళ, ఇది వాడుక అని గదులు విడదీయలేదు. ఆ ప్రదర్శన తర్వాత అమెరికా, కెనడాల్లో ఊరూరా తిరిగింది. అదే రోజుల్లో గ్రోపియస్ అడిగితే హార్వర్డ్ హాస్టలు గదులకు గళ్ల దుప్పట్లు, తెరలు డిజైన్ చేసింది. తర్వాత నోల్ కంపెనీకి ఏళ్ల తరబడి ఫర్నిచర్ బట్టలు చేసింది. 1960ల మధ్యలో న్యూయార్క్‌లోని యూదు మ్యూజియం అడిగితే, నాజీలు చంపిన అరవై లక్షల మంది జ్ఞాపకంగా "ఆరు ప్రార్థనలు" అనే పేరుతో ఆరు నిలువు పట్టీలు నేసింది. నూలు, నార, వెండి పోగు. దగ్గరికి వెళ్తే ఏదో లిపిలో రాసినట్టుంటుంది, చదవబోతే చదవలేం. దుప్పట్లు నేసిన చెయ్యే అది. దుప్పటి వేరు, ప్రార్థన వేరు అని ఆ చెయ్యి ఎప్పుడూ అనుకోలేదు.

ఇంతవరకూ ఆనీ నా పక్షాన ఉంది. తర్వాత కాదు.

1963లో లాస్ ఏంజెలెస్‌లోని టామరిండ్ లిథోగ్రఫీ వర్క్‌షాపుకు భర్తతో వెళ్లినప్పుడు ఆవిడ ప్రింట్లు చేయడం మొదలుపెట్టింది. 1970 ప్రాంతాల్లో నేత పూర్తిగా మానేసి, మగ్గం ఇచ్చేసింది. వయసు, ఒంట్లో బలహీనత కారణాలే. కానీ ఆవిడే ఇంకో కారణం కూడా చెప్పింది. దారంతో చేస్తే చేతిపని అంటారు, అదే కాగితం మీద చేస్తే కళ అంటారని. చేదు నిజం. అయినా నాకు కోపం వస్తుంది, ఆవిడ మీద కాదు, కాస్త ఆవిడ మీద కూడా. అంత చేసిన మనిషి, చివరికి కాగితం వాళ్ల లెక్కనే ఒప్పుకున్నట్టు కాదా? ఆవిడ 1994లో పోయింది. 2018లో లండన్ టేట్ మోడర్న్ పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు జనం వచ్చింది ప్రింట్ల కోసం కాదు, బట్టల కోసం.

బట్ట కళ అవునా కాదా అన్న తగవు 1969లో ఇంకోసారి బయటపడింది. జాక్ లెనోర్ లార్సెన్ అనే నేత డిజైనరు, క్యూరేటర్ మిల్‌డ్రెడ్ కాన్‌స్టంటీన్ కలిసి మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లోనే "వాల్ హ్యాంగింగ్స్" ప్రదర్శన పెట్టారు. లార్సెన్ దారి కూడా ఇలాంటిదే. 1952లో లీవర్ హౌస్ భవనానికి పరదా బట్ట నేసి పేరు తెచ్చుకున్నాడు, కంపెనీ నడిపాడు, పాఠాలు చెప్పాడు, తర్వాత ఇతరుల పనిని లోకానికి చూపించాడు. ఆ ప్రదర్శన చూసి శిల్పి లూయిస్ బూర్జ్వా, ఇవి అలంకరణ నుంచి పూర్తిగా బయటపడలేదు అన్న ధోరణిలో రాసింది. నాకు ఆ మాట అర్థం కాదు. అలంకరణ నుంచి ఎందుకు బయటపడాలి? చీర అంచు అలంకరణే. అలంకరణే చేస్తూ అంత లెక్క, అంత ఆలోచన పెట్టగలిగితే అది తక్కువ పని ఎలా అవుతుంది?

నా అభిప్రాయం, ఈ తగవే వదిలెయ్యాలి. కళ అని ముద్ర వేయించుకోవడానికి మనం క్యూలో నిలబడక్కర్లేదు. ఆనీ చేసిన అసలు పని, డిజైన్‌లోనూ పాఠంలోనూ ప్రదర్శనలోనూ ఒకటే. పోగు ఎలా ఆలోచిస్తుందో చూసేవాళ్లకు కనిపించేలా చేయడం. మూడూ ఒకే మనిషి చేతిలో ఉండబట్టి ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టింది. మన దగ్గర ఆ మూడింటినీ ముగ్గురికి పంచేశాం. డిజైన్ కాలేజీల్లో చదివిన వాళ్లది. ప్రదర్శన డిపార్టుమెంట్లది, సొసైటీలది. నేర్పడం ఎవరిదీ కాదు, ఇంట్లో తండ్రో తల్లో పైసా లేకుండా నేర్పుతారు. ముగ్గురూ ఒక చోట కూర్చుని మాట్లాడుకోవడం నేను చాలా అరుదుగా చూశాను.

అలాగని మన దేశంలో ఎవరూ ప్రయత్నించలేదని కాదు. 1950లలో వీవర్స్ సర్వీస్ సెంటర్లు పెట్టినప్పుడు చిత్రకారులను తీసుకొచ్చి మగ్గాల పక్కన కూర్చోబెట్టారు. చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ 1959 నుంచి 1961 వరకు హ్యాండ్లూమ్ బోర్డులో డిజైన్ విభాగంలో పనిచేసి, తిరిగి బరోడాలో పాఠాలు చెప్పారు. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఆయన దగ్గరే చదువుకున్నారు. మృణాళిని ముఖర్జీ కూడా. ఆవిడ మగ్గం లేకుండానే, జనపనార తాళ్లను ముడి మీద ముడి వేసి మనిషంత ఎత్తు, అంతకన్నా ఎత్తు శిల్పాలు నిలబెట్టింది. ఢిల్లీ నేషనల్ గ్యాలరీలో ఆవిడ జీవితకాలపు పనితో ప్రదర్శన మొదలైన కొద్ది రోజులకే, 2015 ఫిబ్రవరిలో, పోయింది. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరు మీద హ్యాండ్లూమ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అంటే దారులు ఉన్నాయి. ఆ దారులను కలిపే రోడ్లే లేవు.

ఇక మన ప్రదర్శనల సంగతి. మన ఊళ్లలో చేనేత ప్రదర్శన అంటే షామియానా, స్టాళ్లు, "20 శాతం రిబేటు" బోర్డు, చీరల దొంతర. అమ్మకం జరగాలి, అందులో తప్పేం లేదు, నేతగాడి ఇంట్లో పొయ్యి వెలగాలి. కానీ రోజంతా చీరలు తిరగేసి ఇంటికెళ్లిన మనిషికి ఆ బట్ట ఎలా అయిందో ఒక్క ముక్క తెలియదు. ధర చీటీ ఉంటుంది, పేరు చీటీ ఉండదు.

పేరు రాయడం తేలికనుకునేదాన్ని. ఒకసారి కాలేజీలో చిన్న ప్రదర్శన పెట్టాం. పుట్టపాక నుంచి తేలియా రుమాలు తెచ్చాం. ఈ రుమాలు పుట్టుక చీరాల వైపు. ఆముదం, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నూలును నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో ముందే చిటికి కట్టి (రంగు అంటకూడని చోట దారం బిగించి) రంగు అద్ది నేసేవారు. అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లేది. పాత రుమాళ్లలో విమానాలూ, గడియారాలూ కూడా ఉన్నాయి. తర్వాత పుట్టపాకలో నిలబడింది. ఆ ఊరి గజం గోవర్ధన, గజం అంజయ్య గార్లకు పద్మశ్రీలు వచ్చాయి. 2020లో ఈ రుమాలుకు భౌగోళిక గుర్తింపూ వచ్చింది.

మేం రుమాలును గోడకు కాకుండా గాల్లో వేలాడదీశాం, అటూ ఇటూ కనిపించేలా. ఆనీ తెరల నుంచి నేర్చుకున్నదే. పక్కన గ్రాఫు కాగితం, చిటికి కట్టిన పడుగు ముక్క, ఆసు (నూలును వరసలుగా పోసే చట్రం) ఫోటో పెట్టాం. రుమాలు తెచ్చిన పెద్దాయనకు వెనక వైపు చూపించడం నచ్చలేదు, అయినా సరేనన్నాడు. లేబుల్ దగ్గర ఆగాం.

"పేరు రాయాలి బాబాయ్, ఎవరి పేరు రాయమంటారు?"

"ఎవరి పేరని రాస్తవ్ బిడ్డా? గీత గీసింది మా అన్న. ఆసు పోసింది మీ చిన్నమ్మ. చిటికి కట్టింది పిల్లలు. రంగు నేనద్దిన. నేసింది మా దగ్గర కూలికొచ్చే ఆయన."

ఆ మాటతో ఆనీ ఆల్బర్స్ నాకు ఇంకో రకంగా కనిపించింది. ఆవిడ గోడ బట్టల మీద ఆవిడ పేరు ఒక్కటే ఉంటుంది, న్యాయమే, తనే ఆలోచించింది, తనే నేసింది. నోల్ కోసం చేసిన బట్టల మీద కూడా ఆవిడ పేరే ఉంటుంది. మిల్లులో మరమగ్గం నడిపినవాడు ఎవరో? జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర చదువుకున్న నేత కళాకారిణి షీలా హిక్స్ 1966లో కోజికోడ్‌లోని కామన్‌వెల్త్ ట్రస్ట్ మగ్గాల మీద "బడగర" అనే దళసరి బట్ట చేయించింది, అది ఇప్పుడు పెద్ద మ్యూజియంల్లో ఉంది. లేబుల్ మీద డిజైనరు పేరు, తయారుచేసిన సంస్థ పేరు. మగ్గంలో కూర్చున్న మలయాళీ పేరు లేదు. పెరూ నేతగాళ్లకు పేర్లు లేవంటే కాలం తినేసిందనుకోవచ్చు. 1966లో కోజికోడ్‌లో కాలం ఏం తిన్నది?

అందుకని ఒక్క పేరు బదులు ఐదు వరసలు రాశాం. గీత, ఆసు, చిటికి, రంగు, నేత, ఒక్కోదానికి ఒక్కో పేరు. చూడ్డానికొచ్చిన ఒక పెద్దమనిషి, ఇంత పొడుగు లేబుల్ అందాన్ని పాడు చేస్తోంది, ఒక క్లస్టర్ (నేత ఊళ్ల గుంపు) పేరు పెడితే సరిపోతుంది కదా అన్నాడు. సినిమా చివర పేర్లు మూడు నిమిషాలు నడుస్తాయి, ఎవరికీ అందం చెడదు అన్నాను. ఆసు పోసిన చిన్నమ్మ మాత్రం తన పేరు ముందు రెండుసార్లు చేత్తో తడిమి చూసుకుంది, తర్వాత స్పెల్లింగ్ తప్పని చెప్పింది. దిద్దాం.

చీకటి పడి సర్దుతుంటే పెద్దాయన ఒక మాటన్నాడు. "బిడ్డా, ధర రాసినవ్, పేర్లు రాసినవ్. ఒక్కొక్కరికి ఎంత కూలి ముట్టిందో అది గూడ రాయి." నేను నోరు తెరిచేలోపే చిన్నమ్మ అడ్డం వచ్చింది. "రాస్తే రేపటి సంది నూలు ఎవరిస్తరు? సేటు ఊకుంటడా?" ఆయన ఊకోకుంటే ఊకోకపోనీ అన్నాడు. ఆమె నీకేం, ఇల్లు నడిపేది నేను అంది. తర్వాతి ప్రదర్శన పుట్టపాకలోనే, వాళ్ల ఇంటి అరుగు మీదే పెడదామనుకుంటున్నాం. కూలి వరస సంగతి మాత్రం ఇంకా తెగలేదు. నా ఓటు రాయాలనే. చిన్నమ్మ ఓటు నా ఓటు కన్నా పెద్దది.